మిల్లు టీం, ఊరి టీం

జర్మన్ ఫుట్‌బాల్ అనగానే మనవాళ్ళకి తట్టే పేర్లు మూడో నాలుగో ఉంటాయి. బయర్న్ మ్యూనిక్, డోర్ట్‌ముండ్, ఈమధ్య లెవర్‌కూజెన్. ఆ వరసలో హైడెన్‌హైమ్ అంటే, ఆట బాగా చూసే స్నేహితులు కూడా కాస్త ఆలోచించి "అదేదో చిన్న ఊరు కదా?" అంటారు. చిన్న ఊరే. జనాభా సుమారు 50 వేలు. మన లెక్కలో ఒక మాదిరి మున్సిపాలిటీ. ఆ ఊరి స్టేడియంలో పట్టేది 15 వేల మంది. ఆ ఊరి టీం 2023లో జర్మనీ టాప్ లీగ్ బుండెస్‌లీగాలోకి వచ్చింది. 1963లో ఆ లీగ్ మొదలైనప్పటి నుంచీ లెక్కేస్తే అందులో అడుగుపెట్టిన 57వ క్లబ్బు అది.

ఈ కథని ఎవరు చెప్పినా ఒక మనిషి కథగానే చెబుతారు. పుట్టిన ఊళ్ళోనే కోచ్ అయ్యి, ఐదో అంతస్తులాంటి చోటు నుంచి టీముని పైదాకా తెచ్చిన ఫ్రాంక్ ష్మిట్ కథ. నిజంగా గొప్ప కథే, నేనూ చెబుతాను. కానీ రెండేళ్ళు ఆ ఊరికి ఒక రైలు దూరంలో ఉండి చూశాక నన్ను పట్టుకుని వదలనిది ఆ మనిషి ఓర్పు కాదు, అంతకన్నా చిన్న ప్రశ్న ఒకటి. టీం ఎవరిది?

నాకు ఈ ప్రశ్న ఎందుకు పట్టుకుందో చెప్పాలంటే మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఉత్తర తెలంగాణలో మాది కాగితం మిల్లు ఊరు. పేరు అక్కర్లేదు, అలాంటి ఊళ్ళు మీకూ తెలిసే ఉంటాయి. సైరన్‌ని బట్టి అన్నం తినే ఊరు. వెదురు లారీలు, గుజ్జు వాసన, ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటే మాకు నవ్వొచ్చేది. మా బాపు మిల్లులో పనిచేసేవాడు, మిల్లు ఫుట్‌బాల్ టీములో గోల్‌కీపర్. మిల్లు గ్రౌండులో ఆదివారాలు మ్యాచ్‌లు జరిగేవి. పక్క జిల్లాల నుంచి టీములు వచ్చేవి. ఆడపిల్లలం గోడ మీద కూర్చుని చూసేవాళ్ళం. తర్వాత మిల్లు మూతపడింది. కొన్నేళ్ళకి మళ్ళీ తెరిచారు, అది వేరే సంగతి. టీం మాత్రం మళ్ళీ రాలేదు. దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు కూడా. జీతాలు ఆగిపోయిన ఇళ్ళలో ఫుట్‌బాల్ గురించి బాధపడటం ఎవరికి గుర్తుంటుంది?

నేను మాస్టర్స్ చదవడానికి ఆలెన్ వచ్చాను. దక్షిణ జర్మనీలో, ష్వాబియా కొండల అంచున ఉన్న ఊరు. అక్కణ్ణుంచి ఉల్మ్ వెళ్ళే రైలు బ్రెంత్స్ నది పక్కనుంచి పోతుంది. మధ్యలో వచ్చే ఊరే హైడెన్‌హైమ్. మొదటిసారి దిగినప్పుడు ఫుట్‌బాల్ కోసం దిగలేదు. ఊరు పైన కొండ మీద హెల్లెన్‌స్టైన్ అని పాత కోట ఉంది, అది చూద్దామని దిగాను. స్టేషన్ దాటాక కనబడింది మాత్రం ఫ్యాక్టరీ. దాని మీద ఉన్న పేరు నేను హైదరాబాద్‌లో, నాచారం పారిశ్రామికవాడలో చూసిన పేరే. అక్కడ మనం 'వోయిత్' అంటాం. ఇక్కడ 'ఫోయ్‌ట్' అంటారు.

ఆ కంపెనీ పుట్టిల్లు ఇదే. కొయ్యని రుబ్బి గుజ్జు చేసి కాగితం తయారుచేసే పద్ధతి 19వ శతాబ్దం మధ్యలో జర్మనీలో రూపుదిద్దుకుంది. అంతకుముందు కాగితమంటే చింకి గుడ్డలతో చేసేదే. హైడెన్‌హైమ్‌లో యోహాన్ మాత్యూస్ ఫోయ్‌ట్ అనే ఆయన వర్క్‌షాపు నడిపేవాడు. ఊళ్ళోనే ఉన్న కాగితం తయారీదారుతో కలిసి ఆ రుబ్బే మిషన్లని మెరుగుపరిచాడు. 1867లో వర్క్‌షాపుని కొడుకు ఫ్రీడ్రిష్‌కి అప్పగించాడు. కంపెనీ తన వయసు అప్పట్నుంచే లెక్కేసుకుంటుంది. 1881లో మొదటి పూర్తి కాగితం మిషను చేశారు. ఇప్పటికీ ప్రపంచంలో కాగితం మిషన్లు చేసే పెద్ద కంపెనీల్లో అదొకటి. టర్బైన్లు కూడా చేస్తారు.

ఆ సాయంత్రం ఫోన్లో చెప్పాను. "బాపూ, ఇక్కడ కాగితం మిషన్లు చేస్తరంట." బాపు సంబరపడ్డాడు. "గట్లనా బిడ్డా! మరి మిల్లు టీం ఉందా ఆడ?"

ఉంది అనబోయి ఆగాను. స్టేడియం పేరు ఫోయ్‌ట్ అరీనా. డబ్బులు ఆ కంపెనీవీ, ఊళ్ళోని మరికొన్ని కంపెనీలవీ. "టీం ఉంది గానీ మిల్లుది కాదు బాపూ. ఊరిది."

"ఊరిదంటే? జీతాలెవరిస్తరు?"

సరిగ్గా ఇదే ప్రశ్న. నాకు అప్పుడు జవాబు తెలీదు. తెలుసుకుందామని మొదలుపెడితే అది టీం చరిత్రలోకి తీసుకెళ్ళింది.

క్లబ్బు పూర్తి పేరు 1. ఎఫ్‌సీ హైడెన్‌హైమ్ 1846. ఆ 1846 చూసి చాలామంది పొరబడతారు. 1846లో ఫుట్‌బాల్‌కి ఇప్పటి రూల్సే లేవు. ఇంగ్లండులో ఆ రూల్స్ రాసుకున్నది 1863లో. 1846 అనేది ఊళ్ళో వ్యాయామ సంఘం పుట్టిన సంవత్సరం. ఆ రోజుల్లో జర్మనీ అంతటా ఇలాంటి సంఘాలు పెట్టుకున్నారు. కుర్రాళ్ళు, పనివాళ్ళు ఒకచోట చేరి కసరత్తు చేయడం, దాంతోపాటే దేశం గురించి, పాలన గురించి మాట్లాడుకోవడం. వాటికి మూలపురుషుడు ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్. రాజులకి వాటి మీద ఎప్పుడూ అనుమానంగానే ఉండేది. అంటే ఊళ్ళో ఫోయ్‌ట్ కంపెనీ పుట్టడానికి 21 ఏళ్ళ ముందే ఊరి జనం కలిసి పెట్టుకున్న సంఘం ఒకటి ఉంది. మిల్లుకన్నా సంఘం పెద్దది వయసులో. ఈ వరస నాకు ముఖ్యమనిపించింది.

ఫుట్‌బాల్ 1911లో వచ్చింది, వీఎఫ్‌బీ హైడెన్‌హైమ్ అనే పేరుతో. తర్వాత చీలికలు, కలయికలు, పేర్లు మారడాలు. మన ఊళ్ళలో యువజన సంఘాల చరిత్ర లాగే ఉంటుంది, చదువుతుంటే ఎక్కడో లెక్క తప్పుతుంది. 1972లో హైడెన్‌హైమర్ స్పోర్ట్‌బుంద్ అనే పెద్ద సంఘం కింద చేరారు. 2007లో ఫుట్‌బాల్ విభాగం విడిపోయి ఇప్పటి పేరు పెట్టుకుంది. అప్పటిదాకా ఈ టీం ఆడిందంతా ప్రాంతీయ లీగుల్లోనే. జర్మనీలో మిగతావాళ్ళకి ఈ పేరే తెలీదు.

జర్మన్‌లో ఇలాంటి సంఘాన్ని ఫెరైన్ అంటారు. ఏడుగురు కలిస్తే రిజిస్టర్ చేయించుకోవచ్చు. సభ్యులు ఏడాదికింత అని చందా కడతారు. ఏడాదికోసారి సమావేశం. మనిషికో ఓటు. ఫుట్‌బాల్ క్లబ్బు కూడా ఇదే రకం, పావురాలు పెంచేవాళ్ళ క్లబ్బూ ఇదే రకం. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో డబ్బు పెరిగాక క్లబ్బులు కంపెనీలు పెట్టుకోవచ్చని 1998లో ఒప్పుకున్నారు. కానీ ఒక షరతు పెట్టారు. కంపెనీలో సగానికి పైన ఓట్లు సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. 50+1 రూల్ అంటారు దాన్ని. అంటే స్పాన్సర్ ఎంత పెద్దవాడైనా డబ్బు పెట్టగలడు, చొక్కా మీద పేరు రాయించుకోగలడు, స్టేడియంకి పేరు పెట్టుకోగలడు. టీముని ఎత్తుకుని ఇంకో ఊరికి పోలేడు.

దీనికి మినహాయింపులున్నాయి. లెవర్‌కూజెన్ బేయర్ మందుల కంపెనీ పనివాళ్ళ టీముగా 1904లో మొదలైంది. వోల్ఫ్స్‌బుర్గ్ వెనక ఫోక్స్‌వాగన్ ఉంది. అవి మిల్లు టీములే, మా బాపు భాషలో. దశాబ్దాలుగా కంపెనీయే నడుపుతోంది కాబట్టి వాటిని అలాగే ఉంచారు. హైడెన్‌హైమ్ ఆ రకం కాదు. ఇది రాసుకుంటున్నప్పుడు నాకు మన వైపు ఫుట్‌బాల్ అంతా కళ్ళముందు తిరిగింది. హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ టీముని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబే దేశానికీ కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం ఆయన హయాంలోవే. 1963లో పోయాడు. అంత పెద్ద టీము కూడా డిపార్ట్‌మెంట్ టీమే. ఆటగాళ్ళు ఉద్యోగులు. రైల్వే, పోలీసు, మిలిటరీ, మిల్లులు. ఆట వస్తే ఉద్యోగం వచ్చేది. అది చిన్న విషయమేమీ కాదు, ఎన్ని ఇళ్ళు నిలబడ్డాయో దానివల్ల. కానీ డిపార్ట్‌మెంట్‌కి ఆట మీద మోజు తగ్గిన రోజున ఊరు అడగడానికి ఏ హక్కూ లేదు. ఊరు ప్రేక్షకులు మాత్రమే.

తర్వాత లీగులొచ్చాయి. 2019లో పూణే క్లబ్బు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022లో ఐఎస్‌ఎల్ కప్ గెలిచింది. 2025లో ఢిల్లీకి మారిపోయింది. రూల్స్ ప్రకారం అందులో తప్పేమీ లేదు. ఫ్రాంచైజీ అంటేనే మారగలిగేది. నేను చెప్పేదల్లా ఇదే: డిపార్ట్‌మెంట్ టీముకైనా ఫ్రాంచైజీకైనా ఊరు అనేది ఉండే చోటు. సొంతదారు కాదు.

ఇక ఫ్రాంక్ ష్మిట్ సంగతి. 1974లో హైడెన్‌హైమ్‌లోనే పుట్టాడు. ఆటగాడిగా వియన్నా, ఆహెన్, మాన్‌హైమ్ తిరిగి 2003లో సొంతూరి టీముకి వచ్చాడు, డిఫెండర్‌గా. 2007లో ఆట మానేశాడు. ఆ సెప్టెంబర్లో కోచ్ వెళ్ళిపోవడంతో రెండు మ్యాచ్‌లకి చూసుకో అన్నారు. ఆ రెండు మ్యాచ్‌లు అయిపోయాక ఇంకెవర్నీ వెతకలేదు. అప్పటికి టీం ఉన్నది నాలుగో అంతస్తు ఒబర్‌లీగాలో. మరుసటి ఏడాది కొత్తగా మూడో లీగు పెట్టడంతో ఆ ఒబర్‌లీగా ఐదో అంతస్తుకి దిగింది. వీళ్ళు మాత్రం 2008లో ఒక మెట్టు ఎక్కారు. 2009లో ఇంకో మెట్టు. మూడో లీగులో ఐదు సీజన్లు. 2014లో ఆ లీగు గెలిచి రెండో లీగుకి. అక్కడ తొమ్మిది సీజన్లు.

2014లో వీళ్ళతోపాటు రెండో స్థానంలో పైకి వెళ్ళిన టీం ఆర్‌బీ లైప్‌జిగ్. 2009లో ఒక ఎనర్జీ డ్రింక్ కంపెనీ పక్క ఊరి చిన్న క్లబ్బు లైసెన్సు తీసుకుని మొదలుపెట్టిన టీం అది. ఒకే ఏడాది, ఒకే మెట్టు మీద రెండు టీములు పక్కపక్కన. ఒకటి రెండేళ్ళలో బుండెస్‌లీగాకి వెళ్ళింది. ఇంకోదానికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది.

ఈ తొమ్మిదేళ్ళ గురించి ఇక్కడి వాళ్ళు మాట్లాడే తీరు నాకు నచ్చుతుంది. ఎదురుచూశాం అనరు. ఆడాం అంటారు. క్లబ్బు నడిపే హోల్గర్ సాన్‌వాల్డ్ 1990ల మధ్య నుంచీ అక్కడే ఉన్నాడు, ష్మిట్ కన్నా ముందు నుంచి. కెప్టెన్ మార్క్ ష్నాటరర్ 2008 నుంచి 2021 దాకా ఆడాడు, నాలుగో అంతస్తు నుంచి రెండో అంతస్తు దాకా. స్టేడియం పెద్దది చేస్తూ వచ్చారు, అవసరాన్ని బట్టి, విడతలుగా. మనవాళ్ళు ఇల్లు కట్టుకున్నట్టు. ముందు రెండు గదులు, కొడుకు పెళ్ళికి పైన ఇంకోటి. అది కొండ మీద, సముద్రమట్టానికి 555 మీటర్ల ఎత్తున ఉంటుంది. జర్మన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో అంత ఎత్తున ఉన్న స్టేడియం ఇంకోటి లేదు. పక్కనే కోట, అటుపక్క అడవి.

2020లో దగ్గరదాకా వచ్చారు. రెండో లీగులో మూడో స్థానం వస్తే బుండెస్‌లీగాలో కింద నుంచి మూడో టీముతో రెండు మ్యాచ్‌లు ఆడాలి. ఎదురుగా వెర్డర్ బ్రేమెన్, నాలుగుసార్లు జర్మన్ ఛాంపియన్. కరోనా రోజులు, స్టేడియం ఖాళీ. బ్రేమెన్‌లో 0-0. హైడెన్‌హైమ్‌లో 2-2. రెండు మ్యాచ్‌ల్లోనూ ఓడిపోలేదు. కానీ బయట కొట్టిన గోల్స్ లెక్కలో బ్రేమెన్ నిలిచింది. ఊరి చరిత్రలో అప్పటిదాకా అన్నిటికన్నా పెద్ద మ్యాచ్ ఊళ్ళోనే జరిగింది, ఊరు మాత్రం టీవీలో చూసింది.

2023 మే 28 సంగతి మాత్రం ఫుట్‌బాల్ చూడనివాళ్ళకి కూడా చెప్పాల్సిందే. రెండో లీగు చివరి రోజు. హైడెన్‌హైమ్ ఆడుతున్నది రేగెన్స్‌బుర్గ్‌లో, యాన్ పేరు పెట్టుకున్న క్లబ్బుతో. అవును, ఆ వ్యాయామ సంఘాల యానే. రెండో సగంలో 0-2తో వెనకబడ్డారు. ఇంకోచోట హాంబుర్గ్ గెలిచేసింది. హాంబుర్గ్ అంటే 18 లక్షల పైన జనాభా ఉన్న నగరం, 1983 యూరోపియన్ కప్ విజేత, 1963 నుంచి 2018 దాకా ఒక్క సీజన్ కూడా తప్పకుండా బుండెస్‌లీగాలో ఉన్న క్లబ్బు. వాళ్ళ అభిమానులు పైకి వెళ్ళిపోయామనుకుని గ్రౌండులోకి దిగి పండగ చేసుకుంటున్నారు. రేగెన్స్‌బుర్గ్‌లో ఆట ఇంకా అయిపోలేదు. 58వ నిమిషానికి హైడెన్‌హైమ్ ఒకటి వెనక్కి తెచ్చుకుంది. అదనపు సమయం మూడో నిమిషంలో పెనాల్టీ, యాన్-నిక్లాస్ బెస్టె కొట్టాడు. 2-2. తొమ్మిదో నిమిషంలో టిమ్ క్లైన్‌డీన్‌స్ట్. 3-2. పైకి వెళ్ళడమే కాదు, డార్మ్‌స్టాట్‌తో పాయింట్లు సమానమై గోల్స్ తేడాతో లీగు ఛాంపియన్లు కూడా అయ్యారు.

ఆ తర్వాతి ఏడాది బుండెస్‌లీగాలో ఎనిమిదో స్థానం. ఏప్రిల్లో సొంత గ్రౌండులో బయర్న్ మీద 0-2 నుంచి లేచి 3-2తో గెలిచారు. లెవర్‌కూజెన్ లీగూ కప్పూ రెండూ గెలవడంతో ఎనిమిదో టీముకి కూడా యూరప్ పోటీల్లో చోటు దొరికింది. 2024 నవంబర్లో చెల్సీ ఆ కొండ ఎక్కి వచ్చింది. 2-0తో గెలిచి వెళ్ళింది. నాకు టికెట్ దొరకలేదు. నేను చూసినది వేరే మ్యాచ్, అదే చలికాలంలో వరసగా ఓడిపోతున్న రోజుల్లో. చలికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఆ రోజూ ఓడారు. నా పక్కన నిలబడ్డ ముసలాయన మ్యాచ్ అంతా ఎవర్నో ఒకర్ని తిడుతూనే ఉన్నాడు, ష్వాబియన్ యాసలో, నాకు సగం అర్థం కాకుండా. చివర్లో ఆటగాళ్ళు దగ్గరికొస్తే అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది ఆయనే. కోచ్‌ని తీసేస్తారా అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవర్ని, ఫ్రాంక్‌నా?" అన్నాడు. అంతే.

ఇందులో ఉత్త ప్రేమే ఉందని చెప్పను. డబ్బు లేకుండా ఇదేదీ జరగలేదు. ఫోయ్‌ట్ లాంటి కంపెనీ లేని 50 వేల జనాభా ఊళ్ళు జర్మనీలో చాలా ఉన్నాయి, వాటిలో చాలావాటి టీముల పేర్లు మనకెప్పటికీ తెలియవు. ఉండిపోవడం అందరి కథా కాదు. ఎనిమిదో స్థానం వచ్చిన ఆ వేసవిలోనే క్లైన్‌డీన్‌స్ట్ గ్లాడ్‌బాఖ్‌కి వెళ్ళాడు, బెస్టె లిస్బన్‌కి, బెన్ఫికాకి. ఎవరూ వాళ్ళని తప్పుపట్టలేదు. ఇల్లు వదిలి ఏడువేల కిలోమీటర్లు వచ్చిన నేను అసలే తప్పుపట్టను. మన ఊళ్ళలో బాగుపడటమంటేనే ఊరు దాటడం. బస్సెక్కిన పిల్లలే తెలివైన పిల్లలు. ష్మిట్ ఉండిపోయాడంటే అతనికి ఊరి మీద మనకన్నా ప్రేమ ఎక్కువని కాదు. అతను నిలబడ్డ చోటు నుంచి పైకి ఒక నిచ్చెన ఉంది. ఒబర్‌లీగాలో ఉన్న టీం గెలుస్తూ పోతే ఏదో ఒకరోజు బయర్న్‌తో ఆడగలదని రూల్ ఉంది. ఆ నిచ్చెన లేకపోతే అతను కూడా ఇంకో ఊరు చూసుకునేవాడేమో. మా బాపు ఎంత బాగా ఆడినా, మిల్లు గ్రౌండు నుంచి పైకి వెళ్ళే మెట్టు అతను వెళ్ళడానికి ఉండొచ్చు గానీ, ఆ టీం వెళ్ళడానికి లేదు.

నిచ్చెన దిగడానికి కూడా. ఇది అర్థమయింది 2025 మేలో. హైడెన్‌హైమ్ కింద నుంచి మూడో స్థానంలో ఆగింది. ఐదేళ్ళ క్రితం బ్రేమెన్ నిలబడ్డ చోట ఇప్పుడు వీళ్ళు. కింద నుంచి వచ్చింది ఎల్వర్స్‌బెర్గ్, సార్లాండ్‌లో ఒకప్పటి బొగ్గుగని ఊరు. ఊరంతా కలిపితే 13 వేల జనం. వాళ్ళ ముందు హైడెన్‌హైమ్ మహానగరం. మొదటి మ్యాచ్‌లో ఎల్వర్స్‌బెర్గ్ 2-0తో ముందుకెళ్ళింది, చివరికి 2-2. రెండోది అక్కడ. 1-1 మీద సాగుతూ సాగుతూ 95వ నిమిషంలో లెయొనార్డో షియెన్జా గోల్. హైడెన్‌హైమ్ నిలిచింది. హాస్టల్లో నేను అరిచేశాను. తర్వాత కాసేపటికి ఎల్వర్స్‌బెర్గ్ వాళ్ళ మొహాలు చూపించారు. అప్పుడు అరిచినందుకు కాదుగానీ, ఎవరి తరఫున ఉండాలో తెలియనట్టయింది. చిన్న ఊరికి చిన్న ఊరే అడ్డం.

ఆ రాత్రి మ్యాపులో ఎల్వర్స్‌బెర్గ్ వెతికితే పక్కనే నోయిన్‌కిర్హెన్ కనబడింది. ఉక్కు ఊరు అది. అక్కడి బొరుసియా నోయిన్‌కిర్హెన్ 1905లో పుట్టిన క్లబ్బు. 1960లలో మూడు సీజన్లు బుండెస్‌లీగా ఆడింది. బయర్న్ కన్నా ఒక ఏడాది ముందే, 1964లో, ఆ లీగులోకి వచ్చింది. తర్వాత ఉక్కుకి చెడ్డరోజులొచ్చాయి. 1982లో ఆ ఊరి చివరి కొలిమి ఆర్పేశారు. క్లబ్బు మెట్లు దిగుతూ దిగుతూ పోయింది. కానీ పోలేదు. 1912లో తెరిచిన ఎల్లెన్‌ఫెల్డ్ స్టేడియం ఉంది. కింది లీగుల్లో ఇప్పటికీ ఆ పేరుతోనే ఆడుతున్నారు. ఆ గ్రౌండులో ఒకప్పుడు నిండిన జనంతో పోలిస్తే ఇప్పుడొచ్చేవాళ్ళు గుప్పెడు. ఆ గుప్పెడు మంది దగ్గర సభ్యత్వం కార్డు ఉంది.

ఇదంతా ఒక ఆదివారం బాపుకి వీడియో కాల్‌లో చెప్పాను. బయర్న్ మీద గెలిచిన మ్యాచ్ క్లిప్పులు పంపాను. గోల్‌కీపర్ని మాత్రమే చూశాడు. "మంచిగ నిలబడుతుండు" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను.

"మరి గా ఊరి మిల్లు బందైతే?"

బాపు అడిగితే గానీ ఆ ప్రశ్న ఎంత పెద్దదో నాకు తెలీలేదు. మిల్లు బందవడం అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు.

"టీం కిందికి దిగుతదేమో బాపూ. గంత పెద్ద ఆటగాళ్ళు ఉండరు. చిన్న లీగుల ఆడుకుంటరు."

"ఆడుకుంటరు గదా?"

"ఆడుకుంటరు."

"గది చాలు" అన్నాడు బాపు. ఆ తర్వాత, నేను అడక్కుండానే, వాళ్ళ టీం గురించి మొదలుపెట్టాడు. కుడివైపు ఎవరు, ఎడమవైపు ఎవరు, ఎవరిది ఏ షిఫ్టు, సి షిఫ్టు చేసి నిద్ర లేకుండా వచ్చి ఆడింది ఎవరు, మిల్లు మూతపడ్డాక ఎవరు సూరత్ పోయారు, ఎవరు ఆటో కొనుక్కున్నారు, ఎవరు లేరు. పదకొండు మందీ, ఇద్దరు సబ్‌స్టిట్యూట్లూ. ఆ పేర్లు ఎక్కడా రాసిపెట్టి లేవు. మిల్లు ఆఫీసులో ఏ రిజిస్టర్లోనన్నా ఉండి ఉంటే అది ఏ గోదాములో ఉందో. మెల్లగా చెప్పమని అడిగి, థీసిస్ నోట్సు వెనక పేజీలో రాసుకున్నాను. ఒకరి పేరు దగ్గర బాపుకి సందేహం వచ్చింది. రేపు బస్టాండులో కనబడితే అడిగి చెబుతానన్నాడు.